కథ కోసం ఎగరొద్దు

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. మాది గుంటూరు. చాలా ఏళ్లుగా డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. పెళ్లికి ముందు నుంచీ కథలు రాస్తున్నాను, కొన్ని అచ్చయ్యాయి కూడా. నిరుడు ప్రైవేట్ పైలట్ లైసెన్స్ వచ్చింది. బయట ఏమీ కనపడనప్పుడు పరికరాలు చూసి నడపడానికి కావాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఇంకా లేదు. సెస్నా 172 అనే చిన్న విమానం అద్దెకు తీసుకుని ఎగురుతుంటాను. నాకంటూ మిగిలేది శనివారం ఒక్కటే. ఆ రోజు ఎగిరితే కథ ఆగిపోతుంది, రాస్తూ కూర్చుంటే మనసంతా ఎయిర్‌పోర్ట్‌లో ఉంటుంది. విమానం గురించే రాద్దామని కూర్చుంటే చదివినప్పుడు నాకే నచ్చడం లేదు. ఒక ముక్క జత చేస్తున్నాను. వచ్చే వేసవిలో ఒక్కదాన్నే రాకీ పర్వతాలు దాటి వెళ్లి, ఆ ప్రయాణాన్ని పుస్తకంగా రాయాలని ఉంది. అలాంటి సాహసం లేకపోతే పుస్తకానికి బలం రాదేమో అనిపిస్తోంది. గుంటూరు నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ విమానం మానెయ్యవే" అని ఏడుస్తుంది. రెంటిలో ఒకటి వదులుకోవాలా? ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

సమాధానం: రాకీ పర్వతాల సంగతి మీరు చివర్లో రాశారు. నేను దానితోనే మొదలుపెడతాను. మిగతావన్నీ నిదానంగా సర్దుకోవచ్చు, ఇది అలాంటిది కాదు. ఆ ప్రయాణం వచ్చే వేసవికి వద్దు. పుస్తకం కోసమే అయితే ఏ వేసవికీ వద్దు.

చిన్న విమానం నడిపేవాళ్లు ఇంజన్ స్టార్ట్ చేసేముందు ప్రతిసారీ తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఇవాళ వెళ్లాలా, మానాలా? గాలి ఎలా ఉంది, మబ్బులు ఎంత ఎత్తులో ఉన్నాయి, ట్యాంకుల్లో ఎంత ఇంధనం ఉంది, రాత్రి సరిగ్గా నిద్రపోయామా. ఈ లెక్కలోకి రావాల్సినవి ఇవే. వెనకాల ఒక పుస్తకం కాచుకుని ఉంటే, "ఇది దాటగలిగితే మంచి అధ్యాయం అవుతుంది" అనే ఆలోచన కూడా వచ్చి చేరుతుంది. మనకు తెలియకుండానే చేరుతుంది. కష్టం ఎదురైతే కథ దొరికిందని సంబరపడే అలవాటు రాసేవాళ్లందరికీ ఉంటుంది. కాగితం ముందు అది మంచి అలవాటే. కాక్‌పిట్‌లో ప్రాణం తీస్తుంది.

అమెరికాలోనే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో 1954లో ఒక ప్రయోగం చేశారు. కేవలం పరికరాలు చూసి విమానం నడపడంలో అనుభవం లేని 20 మందిని తీసుకుని, బయట ఏమీ కనపడని పరిస్థితి కల్పించి నడపమన్నారు. ఇరవై మందీ అదుపు తప్పారు. అందుకు సగటున పట్టిన సమయం 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. ఇప్పుడు ప్రైవేట్ లైసెన్స్ శిక్షణలో మూడు గంటల పాటు హుడ్ (బయటి చూపుకి అడ్డుగా తలకు పెట్టేది) పెట్టి నడిపిస్తారు. అది పొరపాటున మబ్బులోకి వెళ్తే క్షేమంగా వెనక్కి తిరిగి రావడానికే కానీ మబ్బులో ప్రయాణం చెయ్యడానికి కాదని మీ ఇన్‌స్ట్రక్టర్ కూడా చెప్పే ఉంటారు.

పైగా అవి కొండలు. మీరు నేర్చుకున్నది బల్లపరుపు టెక్సస్‌లో. కొలరాడోలో లెడ్‌విల్ అనే ఊరుంది. అక్కడి ఎయిర్‌పోర్ట్ సముద్రమట్టానికి 9,900 అడుగుల పైనే ఉంటుంది. వేసవి మధ్యాహ్నం ఎండకి గాలి పలచబడితే, విమానానికి అది 13,000 అడుగుల్లో ఉన్నట్టే. సెస్నా 172 ఇక పైకెక్కలేనని చేతులెత్తేసే ఎత్తు కూడా దాదాపు అంతే. ఇంజన్ మీద, రెక్కల మీద మీకున్న అంచనాలన్నీ అక్కడ తప్పుతాయి. కొండల మీద ఎగరాలని నిజంగా ఉంటే ఇంకొంత అనుభవం వచ్చాక వెళ్లండి. ఆ కొండల్లో శిక్షణ ఇచ్చే స్థానిక ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున్నే చల్లటి వేళ ఎగరడం నేర్చుకోండి. అప్పుడు కూడా నేర్చుకోవడానికే వెళ్లండి.

మీరు అడగబోయే మాట నాకు తెలుసు. ఫ్రెంచ్ పైలట్, రచయిత సాంతెక్జుపెరీ సంగతేమిటి? 1935 డిసెంబర్ 30న లిబియా ఎడారిలో ఆయన విమానం కూలిపోయింది. ఆయన, మెకానిక్ ప్రెవో నీళ్లు లేక చావు అంచు దాకా వెళ్లి, ఎడారిలో తిరిగే బెదువిన్ల కంటపడి బతికారు. ఆ నాలుగు రోజులు ఆయన రాతలోకి వచ్చిన మాట నిజమే. కానీ ఆయన రాయడానికని ఎడారిలోకి వెళ్లలేదు. పారిస్ నుంచి సైగాన్‌కి రికార్డు వేగంతో వెళ్తే వచ్చే బహుమతి కోసం వెళ్లాడు. అప్పటికే ఆయన 1926 నుంచి ఉత్తరాల సంచులు మోసిన లైన్ పైలట్. సహారా ఒడ్డున కేప్ జూబీ అనే చోట స్టేషన్ మేనేజర్‌గా ఉంటూ, సాయంత్రాలు ఒంటరిగా కూర్చుని మొదటి నవల రాసుకున్నాడు. 1931లో పేరు తెచ్చిపెట్టిన నవలలో కూడా ముఖ్యపాత్ర గాల్లో ఉన్నవాడు కాదు. రాత్రి పూట ఆఫీసులో నిలబడి, బయల్దేరిన విమానాలు తిరిగొస్తాయా రావా అని ఎదురుచూసే పెద్దాయన. రోజూ చేసిన పనిలోంచి, రోజూ చూసిన మనిషిలోంచి వచ్చిన పుస్తకం అది. ఇక 1944 జులై 31న కోర్సికా నుంచి నిఘా కోసం బయల్దేరిన ఆ మనిషి తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు 44 ఏళ్లు. ఆయన్ని ఎంత ఇష్టపడినా, ఆ చివరి భాగం నేను ఎవరికీ ఆదర్శంగా చూపించను.

నాకు మీ దారికి దగ్గరగా కనిపించేది అమెరికన్ పైలట్, రచయిత్రి ఆన్ మారో లిండ్‌బర్గ్. 1931లో భర్తతో కలిసి కెనడా, అలాస్కా మీదుగా జపాన్, చైనా దాకా ఎగిరింది. ఆ ప్రయాణంలో రేడియో ఆపరేటర్ ఆమే. పుస్తకం వచ్చింది 1935లో. నాలుగేళ్లు! మధ్యలో ఏ తల్లికీ రాకూడని దుఃఖం ఆ ఇంటి మీద పడింది, ఆలస్యానికి అదీ ఒక కారణం కావచ్చు. అయినా ఆ పుస్తకం చదువుతుంటే, చూసినదాన్ని మనసులో మగ్గనిచ్చి రాసినట్టు తెలుస్తుంది. ఎక్కడా గొంతు పెంచదు. శనివారం ఎగిరి ఆదివారం పోస్ట్ పెట్టాలనే తొందర మన కాలానిది. మీరు దానికి లొంగక్కర్లేదు.

ఇక మీరు పంపిన ముక్క. "నీలాకాశంలో నేనూ ఒక పక్షినైపోయాను, మేఘాలు నన్ను పలకరించాయి, కింద లోకమంతా బొమ్మల కొలువులా ఉంది" అని మొదలుపెట్టారు. భాష బాగుంది. కానీ ఈ మాట హైదరాబాద్ నుంచి విజయవాడకి టికెట్ కొనుక్కుని కిటికీ పక్కన కూర్చున్న ఎవరైనా రాయగలరు. మీ చేతుల్లో యోక్ (విమానం నడిపే స్టీరింగ్) ఉన్న ఆనవాలు ఇందులో లేదు. ఆ ఆనవాలు నాలుగో పేరాలో ఒక్కచోట కనిపించింది: మొదటి సోలోకి ముందు ఇన్‌స్ట్రక్టర్ దిగి వెళ్లిపోయాక, ఖాళీగా ఉన్న కుడి సీటు బెల్టును మీరు బిగించి కట్టారు. అది వేలాడుతూ కంట్రోల్స్‌కి అడ్డం పడకూడదని అలా కడతారు. ఆ తర్వాత, ఆయన బరువు లేకపోవడంతో విమానం మీరనుకున్న దానికన్నా ముందే నేల వదిలేసింది. ఈ రెండు వాక్యాల దగ్గర నేను కుర్చీలో ముందుకు జరిగి చదివాను. మీరు మాత్రం వాటిని అలా దాటేసి మళ్లీ మేఘాల దగ్గరికి వెళ్లిపోయారు.

ఒక చిన్న వస్తువు సంగతి చెప్తాను, నేననేది ఇంకా స్పష్టంగా అర్థమవుతుంది. మీరు నడిపే విమానం ఎడమ రెక్క ముందు అంచులో చిన్న చీలిక లాంటి రంధ్రం ఉంటుంది కదా, స్టాల్ వార్నింగ్‌ది. దాని గొట్టంలో ఉండేది ఒక రీడ్. మన పద్యనాటకాల హార్మోనియంలో ఉండే రీడ్ లాంటిదే. దానికి కరెంటు లేదు, కంప్యూటర్ లేదు. రెక్క లేపే శక్తి చచ్చిపోయే ముందు ఆ అంచు దగ్గర గాలి ఒత్తిడి మారి, గొట్టంలోని గాలిని బయటికి లాగుతుంది. రీడ్ మోగుతుంది. అది పనిచేస్తోందో లేదో నేల మీద చూసుకోవాలంటే, ఆ రంధ్రం మీద శుభ్రమైన చేతిరుమాలు వేసి, నోరు ఆనించి పీల్చాలి. పొద్దున ఆరున్నరకి, మంచుకి తడిసిన రెక్కకి నోరు ఆనించి గాలి పీలుస్తున్న ఒక గుంటూరు ఆడమనిషి. రుమాల్లోంచి తగిలే అల్యూమినియం చల్లదనం, పెట్రోలు వాసన, అప్పుడు లోపల్నుంచి వచ్చే ఆ సన్నటి మూలుగు. మళ్లీ అదే మూలుగు గంటన్నర తర్వాత, రన్‌వే మీద చక్రాలు ఆనబోయే క్షణంలో వినపడుతుంది. అప్పుడది భయపెట్టదు. సరిగ్గా దిగుతున్నావని చెబుతుంది. తెలుగులో దీన్ని రాసినవాళ్లు నాకు తారసపడలేదు. మీరు రాయండి. దీని కోసం రాకీ పర్వతాల దాకా వెళ్లనక్కర్లేదు.

ఇలాంటివి మీ దగ్గర కుప్పలుగా ఉండే ఉంటాయి. ట్యాంకు అడుగు నుంచి ఇంధనం కొంచెం పారదర్శకమైన కప్పులోకి తీసి, వెలుగుకి ఎత్తిపట్టి చూసుకుంటారు. ఏవ్‌గ్యాస్‌కి, అంటే చిన్న విమానాల పెట్రోలుకి, లేతనీలం రంగు కలుపుతారు. అందులో నీళ్లు చేరి ఉంటే కప్పు అడుక్కి దిగి వేరే పొరగా కనిపిస్తాయి. కుడి నుంచి గాలి కొడుతున్నప్పుడు కుడి రెక్కను గాలి వైపు వంచి, ఎడమ కాలితో ముక్కును రన్‌వేకి సూటిగా నిలబెట్టడం మీరు ఎన్ని వారాలు కష్టపడి నేర్చుకున్నారో రాయండి. పాఠకుడికి రడ్డర్ అంటే ఏంటో నిర్వచనం చెప్పక్కర్లేదు. మీ కాలు ఏం చేసిందో, దానికి విమానం ఏం చేసిందో చూపిస్తే అతనికి అర్థమవుతుంది. వోల్ఫ్‌గాంగ్ లాంగెవీషె అనే పైలట్ 1944లో రాసిన శిక్షణ పుస్తకాన్ని ఇప్పటికీ చదువుతున్నారంటే కారణం అదే. రెక్క గాలిని ఎలా కోస్తుందో మామూలు మనిషికి చేతికి తగిలేలా చెప్పాడు. నా దృష్టిలో అది సాహిత్యమే.

సాహసయాత్ర బదులు నేను సూచించేది ఇది. మీ ఎయిర్‌పోర్ట్ నుంచి ఉత్తరంగా టెక్సోమా సరస్సు దాకా వెళ్లి, రెడ్ రివర్ మీద తిరిగి వెనక్కి రండి. మీకు బాగా తెలిసిన దారే. దాన్నే ఏడాది పొడుగునా ఎగరండి, ప్రతిసారీ రాయండి. ఫిబ్రవరిలో ఉత్తరపు గాలి ఒక్కసారిగా దిగినప్పుడు ఒకలా ఉంటుంది. ఏప్రిల్‌లో దక్షిణపు గాలి ఈడ్చి కొడుతుంటే ఇంకోలా ఉంటుంది. జులైలో పొద్దున తొమ్మిది దాటితే పొలాల మీంచి లేచే వేడికి విమానం కుదుపులు మొదలవుతాయి. నది ఎర్రమట్టితో నిండుగా ఉన్నప్పుడు, ఇసుక తేలిపోయినప్పుడు మీకు గుంటూరు వైపు ఏ నీళ్లు గుర్తొస్తాయో రాయండి, ఏవీ గుర్తురాకపోతే గుర్తొచ్చినట్టు మాత్రం రాయొద్దు. ప్రవాసంలో రాసేవాళ్లకి ప్రతి నదిలో కృష్ణను చూడాలనే ఒత్తిడి ఉంటుంది. రెడ్ రివర్‌ను రెడ్ రివర్‌గానే చూసిన తెలుగు రచన నాకు కావాలి.

రాయడం ఎప్పుడన్నది తర్వాతి సంగతి. గాల్లో రాయొద్దు. ఫోన్లో రికార్డు చేసుకోవడం కూడా వద్దు. ఎయిర్‌లైన్ పైలట్లకు 1981 నుంచీ ఒక నిబంధన ఉంది: 10,000 అడుగుల కింద నడపడానికి సంబంధం లేని మాట గానీ పని గానీ పనికిరాదు. మన చిన్న విమానాలకు ఆ నిబంధన వర్తించదు. మనం ఎగిరేది మాత్రం దాదాపు ఎప్పుడూ ఆ ఎత్తుకి కిందనే. కాబట్టి దాన్ని మీకు మీరే పెట్టుకోండి. వాక్యం దానంతట అది తడితే తట్టనివ్వండి, దాని వెంట పడకండి. దిగాక ఇంజన్ ఆపి, కంట్రోల్ లాక్ పెట్టి, విమానాన్ని తాళ్లతో కట్టేసి, ఎన్ని గంటలు నడిపారో చూపే హాబ్స్ మీటర్ రీడింగ్ రాసిచ్చి, కార్లో కూర్చోండి. ఇంటికి బయల్దేరే ముందు పది నిమిషాలు నోట్‌బుక్ తీసి రాయండి. ఏం అనిపించింది అన్నది వదిలెయ్యండి. ఏం విన్నారు, చేతులు ఏం చేశాయి, ఎక్కడ ఆలస్యం చేశారు, రేడియోలో ఎవరు ఏ మాట తడబడ్డారు అన్నవి రాయండి. అనిపించినవి వారం తర్వాత కూడా ఉంటాయి. ఈ వివరాలు ఆ సాయంత్రానికే చెదిరిపోతాయి.

శనివారం తగువు విషయానికొస్తే, ఆ రోజును రెండు ముక్కలు చెయ్యొద్దు. ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే గడిచిన 90 రోజుల్లో మూడు టేకాఫ్‌లు, మూడు ల్యాండింగులు చేసి ఉండాలన్నది చట్టం. అది కనీసం మాత్రమే. నెలకు రెండుసార్లన్నా ఎగరకపోతే చెయ్యి మొద్దుబారుతుంది, దాని ఫలితం మీకు తెలిసిందే. కథ రెండు వారాలు ఆగితే ఎవరికీ దెబ్బ తగలదు. అందుకని నెలలో రెండు శనివారాలు విమానానికి ఇచ్చెయ్యండి, అపరాధభావం లేకుండా. మిగతా రెండూ కథవి. ఎగరాల్సిన శనివారం మబ్బులు కిందికి దిగితే ఆ పూట కూడా కథదే. నార్త్ టెక్సస్‌లో ఉన్నవాళ్లకి, అందులోనూ వసంతకాలంలో, అలాంటి పూటలు తక్కువేం కాదు. మామూలు రోజుల్లో పిల్లలు లేవకముందు అరగంట చొప్పున రాయండి. మీ ఉత్తరం చూస్తే మీరు శనివారం కోసం ఆరు రోజులు ఆగి, ఆ ఒక్క రోజు మీద మొత్తం భారం వేస్తున్నారనిపించింది. రాత అలా సాగదు.

ఇందులో ఒక్కదానికి మాత్రం సడలింపు లేదు. శుక్రవారం రాత్రి కథ ఊపందుకుని ఒంటిగంట దాకా కూర్చున్నారంటే, శనివారం పొద్దున ఫ్లైట్ క్యాన్సిల్ చెయ్యండి. బయల్దేరే ముందు ఆరోగ్యం, మందులు, టెన్షన్, మద్యం, అలసట, మనసు స్థితి చూసుకోమని నేర్పిస్తారు కదా. రాసేవాళ్లకు చివరి రెండూ ఒకేసారి వస్తాయి. పాత్ర చనిపోయిన రాత్రి తర్వాతి పొద్దున మనిషి సగం ఇక్కడ ఉండదు. ఆ విషయం మీకు నాకన్నా బాగా తెలుసు.

డబ్బు గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. గంటకు 150 నుంచి 200 డాలర్ల దాకా అద్దె కడుతూ ఉంటారనుకుంటాను. ఆ ఖర్చును "పుస్తకం వస్తే సరిపోతుందిలే" అని ఇంట్లో సమర్థించుకోకండి. తెలుగు పుస్తకం ఆ లెక్క తీర్చదు, మళ్లీ పుస్తకం మీదే ఒత్తిడి పెరుగుతుంది. మీ జీతంలోంచి మీకు ఇష్టమైన పనికి ఇంత అని మీవారితో కూర్చుని తేల్చుకోండి. అలాగే మీ లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ ఒకసారి తీసి చదవండి. ప్రైవేటుగా విమానం నడుపుతూ పోతే వర్తించదని రాసే పాలసీలు ఉన్నాయి. అద్దె విమానం నడిపేవాళ్లకు విడిగా ఇన్సూరెన్స్ దొరుకుతుంది, అదీ ఉందో లేదో చూసుకోండి. పిల్లలున్నవాళ్లు ఇది వాయిదా వెయ్యకూడదు.

ఇక మీ అమ్మగారు. ఆవిడ భయం తప్పు కాదు, "ఏం కాదులే అమ్మా" అన్న మాటతో అది పోదు. ఆవిడకు తెలియనిది, మీరు చెప్పగలిగింది ఒకటుంది: మీరు ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు దిగుతారో ఇంకెవరికైనా తెలుసా అన్నది. ప్రతిసారీ ఫ్లైట్ ప్లాన్ ఫైల్ చెయ్యండి. చెప్పిన సమయం దాటి అరగంటైనా మీరు దాన్ని క్లోజ్ చెయ్యకపోతే ఆ ప్లాన్ తీసుకున్న ఫ్లైట్ సర్వీస్ వాళ్లు ఆరా తీయడం మొదలుపెడతారని అమ్మకు వివరంగా చెప్పండి. దారంతా కంట్రోలర్ రాడార్ మీద చూస్తూ ఉండే ఫ్లైట్ ఫాలోయింగ్ తీసుకోండి, దాని గురించీ చెప్పండి. వేసవిలో మీ పొద్దున ఏడంటే గుంటూరులో సాయంత్రం ఐదున్నర, ఆవిడ మేలుకునే ఉంటారు. బయల్దేరే ముందే ఫోన్ చేసి, ఎన్నింటికి దిగుతారో చెప్పండి. చెప్పేటప్పుడు ఒక అరగంట కలిపి చెప్పండి, ఎదురుగాలి ఉంటే ఆలస్యం అవుతుంది. దిగి విమానం కట్టేశాక, కార్లో కూర్చుని నోట్‌బుక్ తెరిచే ముందు ఆవిడకు మెసేజ్ పెట్టండి.